చేతి ప్లానర్లకు ధూళి పీల్చే ఏర్పాటు

చేత్తో పట్టుకుని నడిపే కరెంటు ప్లానర్ చెక్కను చిత్రిక పట్టేటప్పుడు పొట్టును విసురుతుంది. దానితో పాటు సన్న ధూళీ లేస్తుంది. ఈ రెండింటినీ పుట్టిన చోటే పట్టి, గొట్టం గుండా ఒక డబ్బాలోకి చేర్చడం ఈ ఏర్పాటు చేసే పని. ప్లానర్ పక్కన ఉండే పొట్టు మూతి, దానికి తొడిగే అడాప్టర్, గొట్టం, వ్యాక్యూమ్ క్లీనర్, అందులోని ఫిల్టర్ ఇందులోని భాగాలు. గొట్టం బదులు మూతికే గుడ్డ సంచీ కట్టుకునే పద్ధతి కూడా ఉంది.

శాండర్‌కూ గుండ్రటి రంపానికీ చక్కగా పనికొచ్చే గొట్టం ప్లానర్‌కు తగిలించగానే మూసుకుపోతుంటుంది. వ్యాక్యూమ్‌కు బలం చాలలేదని చాలామంది ఇంకా పెద్ద మోటారు కొంటారు. సాధారణంగా లోపం మోటారులో ఉండదు. పొట్టు నడిచే దారిలో ఎక్కడో ఒకచోట ఇరుకు ఉంటుంది. ప్లానర్ విషయంలో దారి వెడల్పే మొదటి ప్రశ్న, పీల్చే శక్తి ఆ తర్వాతది.

పొట్టు తీరు

ఇళ్లలో, వడ్రంగి దుకాణాల్లో ఎక్కువగా కనిపించే ప్లానర్ కోత వెడల్పు 82 మిల్లీమీటర్లు. రెండు బ్లేడ్లు బిగించిన డ్రమ్ము నిమిషానికి దాదాపు 16,000 చుట్లు తిరుగుతుంది. అంటే నిమిషానికి 32,000 కోతలు. పనివాడు యంత్రాన్ని నిమిషానికి 4 మీటర్ల చొప్పున నెడితే ఒక్కో కోతకు ముందుకు జరిగేది మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. చేతి చిత్రిక నుంచి వచ్చినట్టు పొడుగాటి చుట్టలు ఇక్కడ రావు. పొట్టిగా, పలుచగా, అంచులు చీలిన తునకలు వస్తాయి.

తునక పొడవును కోత లోతు నిర్ణయిస్తుంది. డ్రమ్ము వ్యాసం 50 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక మిల్లీమీటరు లోతున బ్లేడు చెక్కలో నడిచే వంపు సుమారు 7 మిల్లీమీటర్లు. లోతు 0.1 మిల్లీమీటరుకు తగ్గిస్తే ఆ వంపు 2 మిల్లీమీటర్ల చిల్లరకు పడిపోతుంది. అందుకే లోతుగా తీసేటప్పుడు గొట్టం మూసుకుపోయే బెడద ఎక్కువ, చివరి నునుపు కోతల్లో గాలిలో కలిసే ధూళి ఎక్కువ. నునుపు కోతల్లో నేలమీద పెద్దగా ఏమీ పడదు కాబట్టి గొట్టం తీసేసి పనిచేసేవాళ్లున్నారు. ఊపిరితిత్తులకు ఆ కోతలే ఎక్కువ హాని.

డ్రమ్ము అంచు వేగం సెకనుకు 40 మీటర్లు దాటుతుంది. వ్యాక్యూమ్ ఉన్నా లేకున్నా తునకలు ఆ ఊపుతోనే మూతి నుంచి ఎగిరి వస్తాయి. గొట్టంలో గాలి వేగం అందులో సగం కూడా ఉండకపోవచ్చు. వేగంగా వచ్చిన తునక మూతి దాటగానే ఉన్న వంపుకో, అడాప్టర్ అంచుకో కొట్టుకుని ఆగుతుంది. అక్కడి నుంచి దాన్ని మళ్లీ కదిలించాల్సింది గాలే. ఆ లోపు వెనక నుంచి మరో తునక వచ్చి దానికి చిక్కుకుంటుంది. అడ్డంకి దాదాపు ఎప్పుడూ గొట్టం మధ్యలో కాకుండా మొదటి జానెడులోనే ఏర్పడటానికి ఇదే కారణం.

ఇక పరిమాణం. 300 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మీటర్ల పొడవున్న పలక మీద 3 మిల్లీమీటర్లు తీస్తే పోయేది 1.8 లీటర్ల గట్టి చెక్క. పొట్టుగా మారాక అది అయిదు నుంచి పది రెట్లు ఉబ్బుతుంది. అంటే ఒక్క పలకకు 9 నుంచి 18 లీటర్ల పొట్టు! ప్లానర్‌తో పాటు ఇచ్చే చిన్న గుడ్డ సంచీ దీనికి ఏ మూలకూ రాదు. తలుపు అంచు సరిచేయడం లాంటి చిన్న పనులకే అది సరి. సంచీ సగం నిండేసరికి గాలి బయటికి పోయే దారి తగ్గి, పొట్టు మూతిలోనే ఆగిపోతుంది. పైగా గుడ్డ నేతలోంచి సన్న ధూళి పనివాడి ముఖం ఎత్తులోనే బయటికి వస్తుంది. గది శుభ్రంగా కనిపించినంత మాత్రాన గాలి శుభ్రంగా ఉన్నట్టు కాదు.

నేపథ్యం

గాలితో చెక్క ధూళిని లాగే ఆలోచన చేతి ప్లానర్ కంటే చాలా పాతది. 1860ల్లో అమెరికాలోని బోస్టన్‌లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్టర్టెవాంట్ చెప్పుల తయారీ యంత్రాల దగ్గర లేచే ధూళిని లాగేందుకు ఫ్యాను తయారుచేసి, ఆ ఫ్యాన్లతోనే పెద్ద పరిశ్రమ నిర్మించాడు. గాలిని సుడి తిప్పి ధూళిని వేరుచేసే సైక్లోన్‌కు 1885లో అమెరికాలో పేటెంట్ వచ్చింది. ఇవన్నీ కదలని పెద్ద యంత్రాల కోసం, రేకు గొట్టాలతో గోడలకు బిగించిన ఏర్పాట్లు. జపాన్‌లో నగోయాలో పుట్టిన మకీటా సంస్థ 1958లో ఆ దేశపు మొదటి చేతి కరెంటు ప్లానర్‌ను అమ్మకానికి తెచ్చింది. యంత్రం చెక్క దగ్గరికి కదిలి వెళ్లడం మొదలయ్యాక గోడకు బిగించిన గొట్టం అందుబాటులో లేకుండా పోయింది. మొదటి తరం ప్లానర్లలో ఎక్కువ భాగం పొట్టును పక్కకు చిమ్మి ఊరుకున్నాయి. ఆ పద్ధతి ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది.

ఆరోగ్య కారణం

చెక్క ధూళిని చూసీచూడనట్టు వదిలేసే అలవాటుకు మొదటి పెద్ద దెబ్బ ఇంగ్లండులో తగిలింది. బకింగ్‌హమ్‌షైర్‌లోని హై వైకోంబ్ కుర్చీల తయారీకి పేరుపడిన ఊరు. అక్కడి బీచ్, ఓక్ చెక్కలతో పనిచేసే వాళ్లలో ముక్కు లోపలి కుహరాల క్యాన్సర్ అసాధారణంగా ఎక్కువగా ఉందని 1960ల్లో చెవి-ముక్కు-గొంతు వైద్యులు గమనించారు. హై వైకోంబ్ వైద్యురాలు ఎస్మీ హాడ్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ వైద్యుడు రోనాల్డ్ మాక్‌బెత్ ఈ గమనికకు ఆద్యులు. వీరు డొనాల్డ్ అచెసన్ తదితరులతో కలిసి రాసిన పరిశోధన పత్రం 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మామూలు జనంలో అత్యంత అరుదుగా కనిపించే రకం క్యాన్సర్ ఒకే వృత్తివారిలో పదే పదే కనిపించడమే వారిని ఆలోచనలో పడేసిన విషయం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో వెలువరించిన 62వ సంపుటంలో చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా రుజువైన మొదటి వర్గంలో చేర్చింది.

క్యాన్సర్ ఒక్కటే కాదు. వడ్రంగులకు ఉబ్బసం వచ్చే అవకాశం ఇతర పనివారికంటే నాలుగు రెట్లు ఎక్కువని బ్రిటన్ భద్రతా సంస్థ హెచ్ఎస్ఈ చెబుతోంది. ఉత్తర అమెరికా వెస్టర్న్ రెడ్ సెడార్‌లోని ప్లికాటిక్ ఆమ్లం ఉబ్బసానికి ప్రసిద్ధ కారణం. మనకు దగ్గరి చెక్కల్లో టేకు ధూళి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది, రోజ్‌వుడ్ జాతి చెక్కలు కూడా అంతే. తెలుగునాట తలుపులకూ గుమ్మాలకూ టేకే మొదటి ఎంపిక కావడంతో ఈ సంగతి ఇక్కడి వడ్రంగులకు నేరుగా వర్తిస్తుంది.

ఐరోపా సమాఖ్య గట్టిజాతి చెక్కల ధూళికి 2017లో ఘనపు మీటరు గాలికి 3 మిల్లీగ్రాముల పరిమితి పెట్టి, 2023 జనవరి నుంచి దాన్ని 2 మిల్లీగ్రాములకు తగ్గించింది. గట్టి, మెత్తని చెక్కల ధూళి కలిసిపోతే మొత్తానికీ ఈ పరిమితే. భారతదేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ ధూళిని పుట్టిన చోటికి వీలైనంత దగ్గరలోనే లాగేయాలని చెప్పింది. సూత్రం చక్కనిది. కానీ ఇద్దరు ముగ్గురు పనిచేసే దుకాణమూ, కొత్త ఫ్లాటులో తలుపులు బిగించే జట్టూ ఆ చట్టం చెప్పిన ఫ్యాక్టరీ నిర్వచనంలోకి రాలేదు. ప్లానర్ ఎక్కువగా నడిచేది అక్కడే. కాబట్టి గొట్టం తగిలించడం అక్కడ పనివాడి ఇష్టానికీ, ఇంటి యజమాని పట్టింపుకూ మిగిలిపోయింది.

గాలి, గొట్టం, లెక్క

ఎండిన చెక్క పొట్టు గొట్టంలో కింద పడకుండా సాగాలంటే గాలి సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో నడవాలి. పచ్చి చెక్క పొట్టుకు 28 మీటర్లు కావాలి. 36 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న గొట్టంలో 20 మీటర్ల వేగం రావాలంటే నిమిషానికి దాదాపు 1,220 లీటర్ల గాలి కదలాలి. 27 మిల్లీమీటర్ల గొట్టానికి 690 లీటర్లు చాలు. తక్కువ గాలితో పని జరుగుతుంది కదా అని చిన్న గొట్టం ఎంచుకుంటే రెండు చిక్కులు వస్తాయి. ఒకటి, తునకలు ఒకదానికొకటి అల్లుకుని వంతెన కట్టడానికి ఇరుకు దారే అనువు. రెండు, ఒకే పరిమాణపు గాలిని పంపడానికి 36 మిల్లీమీటర్ల గొట్టంతో పోలిస్తే 27 మిల్లీమీటర్ల గొట్టంలో నాలుగు రెట్లకు పైగా ఒత్తిడి ఖర్చవుతుంది. వ్యాసం కొద్దిగా తగ్గినా నష్టం అయిదో ఘాతంలో పెరగడమే దీనికి మూలం. సన్నని 27 మిల్లీమీటర్ల గొట్టం శాండర్ కోసం పుట్టింది, ప్లానర్‌కు 36 తక్కువ కాకూడదు. 170, 312 మిల్లీమీటర్ల కోత వెడల్పున్న, దూలాలు చిత్రిక పట్టే పెద్ద ప్లానర్లకు అదీ చాలదు.

వ్యాక్యూమ్ డబ్బా మీద నిమిషానికి 3,500 లీటర్లనో 4,000 లీటర్లనో రాసి ఉంటుంది. అది గొట్టం లేకుండా మోటారు దగ్గర కొలిచిన గరిష్ఠం. మూడున్నర మీటర్ల గొట్టం, వంపులు, సగం నిండిన సంచీ, మసిబారిన ఫిల్టర్ కలిశాక అందులో సగానికి పడిపోవడం మామూలే.

ఇంకో తప్పు దీనికి పూర్తిగా ఎదురు దిశలోది. దుకాణంలో 100 మిల్లీమీటర్ల గొట్టంతో ఉన్న పెద్ద డస్ట్ కలెక్టర్‌ను చిన్న అడాప్టర్లతో ప్లానర్ మూతికి తగిలిస్తారు. అలాంటి కలెక్టర్ గాలిని పెద్ద మొత్తంలో కదుపుతుంది గానీ దాని పీల్చే ఒత్తిడి రెండు కిలోపాస్కల్‌ల చుట్టుపక్కలే. వ్యాక్యూమ్ క్లీనర్‌కు అది 20 నుంచి 25 కిలోపాస్కల్‌ల దాకా ఉంటుంది. 35 మిల్లీమీటర్ల రంధ్రం గుండా ఆ కలెక్టర్ గాలిని లాగలేదు. 100 మిల్లీమీటర్ల గొట్టంలో 20 మీటర్ల వేగానికి నిమిషానికి 9,400 లీటర్లు కావాలి. ఇరుకు మూతి నుంచి అందులో పిసరంత వస్తుంది, పెద్ద గొట్టంలో గాలి దాదాపు నిద్రపోతుంది, పొట్టు అడుగున మేట వేస్తుంది. చేతి ప్లానర్‌కు వ్యాక్యూమ్ సరైన జోడీ. పెద్ద కలెక్టర్ నేలమీద నిలబెట్టిన యంత్రాలకే.

జత కలపడం

ప్లానర్ మూతికీ గొట్టం కొసకూ అన్ని కంపెనీలూ ఒప్పుకున్న ఒక కొలత లేదు. ఐరోపా తరహా యంత్రాల్లో 35 మిల్లీమీటర్ల చుట్టుపక్కల కొలతలు ఎక్కువ, అమెరికా తరహా గొట్టాలు అంగుళాల్లో వస్తాయి. కొన్ని ప్లానర్లకు గుండ్రటి మూతే ఉండదు, వెడల్పాటి చీలిక మాత్రమే ఉంటుంది. వాటికి కంపెనీ విడిగా అమ్మే నాజిల్ బిగించాలి.

దుకాణాల్లో దొరికే మెట్లున్న రబ్బరు అడాప్టర్‌ను మనకు కావలసిన మెట్టు దగ్గర కోసుకోవచ్చు. అయితే కోసిన అంచు లోపలికి పొడుచుకు రాకూడదు, తునకలు ఆగేది అక్కడే. మన వడ్రంగులు ఎక్కువగా చేసేది పీవీసీ నీళ్ల పైపు ముక్కను వేడిచేసి మూతి మీదికి సాగదీయడం. ఇది మంచి పద్ధతి. పైపు గొట్టం లోపలికి దూరడానికి బదులు మూతి బయటి వైపు కూర్చుంటుంది కాబట్టి దారి ఎక్కడా తగ్గదు. నీళ్ల పైపు కొలత బయటి వ్యాసమని గుర్తుంచుకుంటే కొనేటప్పుడు పొరపాటు రాదు. వదులుగా ఉన్న చోట సైకిల్ ట్యూబు ముక్క చుట్టి క్లిప్పు బిగిస్తే గాలి లీకవదు. మూతి దగ్గర 90 డిగ్రీల మోచేయి మాత్రం పెట్టకూడదు. వంపు తప్పనిసరైతే రెండు 45 డిగ్రీల ముక్కలు, మధ్యలో కొంచెం సూటి పైపు మేలు.

బాష్ జీహెచ్ఓ 26-82 లాంటి నమూనాల్లో పొట్టును కుడికీ ఎడమకూ మళ్లించవచ్చు. గొట్టం తగిలించేవాళ్లకు ఇది చాలా విలువైన సౌకర్యం. తలుపు అంచుకు గాడి తీసేటప్పుడు గొట్టం చెక్కకు అడ్డుపడే వైపు నుంచి అవతలి వైపుకు మార్చుకోవచ్చు.

గొట్టం బరువు, ఈడ్పు పని నాణ్యత మీద కూడా ప్రభావం చూపుతాయి. ఏడడుగుల తలుపు మీద ప్లానర్ నెడుతుండగా గొట్టం బల్ల మూలకు తట్టుకుంటే యంత్రం ఒక్క క్షణం ఆగి, అక్కడ గుంట పడుతుంది. పలక చివర గొట్టం లాగడంతో ప్లానర్ ముందు భాగం కిందికి వంగితే, చివరి అంగుళం లోతుగా తెగుతుంది. పని పొడవు కంటే గొట్టం కనీసం ఒక మీటరు ఎక్కువ ఉండాలి. దాన్ని పైనుంచి తాడుతో వేలాడదీయడం లేదా పనివాడి భుజం మీదుగా వదలడం నేలమీద ఈడ్చడం కంటే మేలు. ప్లాస్టిక్ గొట్టంలో పొట్టు రాపిడికి స్థిరవిద్యుత్ పుట్టి చేతికి చురుక్కుమంటుంది. ఉలిక్కిపడితే చాలు, తిరిగే బ్లేడు చేతిలో ఉన్నప్పుడు ప్రమాదం. యాంటీస్టాటిక్ గొట్టం దీన్ని వ్యాక్యూమ్ ఎర్తింగ్‌కు చేరుస్తుంది, కానీ ఆ వ్యాక్యూమ్ ప్లగ్గుకు మూడో పిన్ను నిజంగా ఎర్తుకు కలిసి ఉండాలి.

చాలా వర్క్‌షాప్ వ్యాక్యూమ్‌లకు ప్లానర్ తగిలించుకునే సాకెట్ ఉంటుంది. ప్లానర్ స్విచ్ నొక్కితే వ్యాక్యూమ్ తానే మొదలవుతుంది, ఆపాక కొన్ని సెకన్లు నడిచి గొట్టం ఖాళీ చేస్తుంది. బ్యాటరీ ప్లానర్లకు మకీటా వంటి కంపెనీలు ఇదే పనిని వైర్‌లెస్ సంకేతంతో చేయిస్తున్నాయి. కరెంటు లెక్క చూసుకోవాలి. 700 వాట్ల ప్లానర్, 1,200 వాట్ల వ్యాక్యూమ్ కలిస్తే 1,900 వాట్లు. మన ఇళ్లలోని 6 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర మోయగలిగింది 1,380 వాట్లే. దీనికి 16 ఆంపియర్ల సాకెట్ కావాలి.

మూతి మూసుకుపోతే ముందు ప్లగ్గు పీకాలి. స్విచ్ ఆపాక కూడా డ్రమ్ము కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. అడ్డం తీయడానికి వేలు పెట్టకుండా సన్నని చెక్క పుల్ల వాడాలి.

డబ్బా, ఫిల్టర్

25 లీటర్ల వ్యాక్యూమ్ ఒకటి రెండు పలకలకే నిండుతుంది. ప్లానర్ పనికి సైక్లోన్ మూత బిగించిన డ్రమ్మును గొట్టం మధ్యలో పెట్టడం ఖర్చుకు తగ్గ ఫలితమిచ్చే ఏర్పాటు. పొట్టు బరువైనది, కాబట్టి సుడిలో దాదాపు అంతా డ్రమ్ములోనే పడుతుంది, వ్యాక్యూమ్ దాకా చేరేది సన్న ధూళి మాత్రమే. ఫిల్టర్ శుభ్రంగా ఉండి గాలి వేగం నిలుస్తుంది. కాకపోతే సైక్లోన్ కూడా కొంత ఒత్తిడి తింటుంది, అందుకే దానికి ముందూ వెనుకా వెడల్పు గొట్టాలే వాడాలి.

ఫిల్టర్లను ఐరోపా ప్రమాణం ఎల్, ఎం, హెచ్ అని మూడు తరగతులు చేసింది. ఎల్ తరగతి వ్యాక్యూమ్ నుంచి తప్పించుకుపోయే ధూళి 1 శాతం దాటకూడదు, ఎం తరగతికి 0.1 శాతం, హెచ్‌కు 0.005 శాతం. చెక్క ధూళికి ఎం తరగతి సిఫారసు. గొట్టంలో గాలి వేగం 20 మీటర్ల కంటే తగ్గితే హెచ్చరించడం ఎం తరగతి యంత్రాలకు తప్పనిసరి. ఫిల్టర్ ఎప్పుడు దులపాలో, సంచీ ఎప్పుడు మార్చాలో చెప్పే నమ్మకమైన గుర్తు అదే. ఇంటి వ్యాక్యూమ్‌తో సరిపెట్టుకునేవాళ్లు పొట్టును పట్టగలరు గానీ సన్న ధూళిని గదిలోకే తిరిగి ఊదుతుంటారు. ఎండీఎఫ్, ప్లైవుడ్ అంచులు చిత్రిక పట్టేటప్పుడు ఇది మరీ హానికరం, ఆ ధూళి చాలా సన్నం, అందులో జిగురు రసాయనాలూ ఉంటాయి. ఎంత మంచి గొట్టమున్నా ప్లానర్ అడుగు నుంచి, పలక చివర నుంచి కొంత ధూళి తప్పించుకుంటుంది. ముక్కుకు సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్కు దానికి తోడుగా ఉండాలి, మాస్కు ఉందని గొట్టం మానేయకూడదు.

నిప్పు, పాత చెక్క, పొట్టు పారేయడం

పాత దూలంలో మేకు మిగిలిపోయి బ్లేడుకు తగిలితే నిప్పురవ్వ నేరుగా పొట్టు సంచీలోకి వెళుతుంది. పొట్టు వెంటనే మండకుండా గంటల తరబడి లోలోపల రగులుతుంది. మేకు తగిలిందని శబ్దం వినగానే పని ఆపి, సంచీ బయటికి తీసుకెళ్లి ఖాళీ చేయాలి. సాయంత్రం పని ముగిశాక కూడా నిండిన డబ్బాను దుకాణంలో వదిలి తాళం వేయడం మంచి అలవాటు కాదు. శుభ్రమైన టేకు, వేప, మద్ది పొట్టు పొయ్యిలోకో, కోళ్ల షెడ్డులో పరుపుగానో పనికొస్తుంది. ప్లైవుడ్, ఎండీఎఫ్ పొట్టుకూ, మందు పట్టించిన చెక్క పొట్టుకూ ఈ రెండూ తగవు.

రంగు వేసిన పాత తలుపులది వేరే సంగతి. భారతదేశంలో ఇంటి రంగుల్లో సీసం పరిమితిని పది లక్షల భాగాలకు 90 భాగాలుగా నిర్ణయించిన నియమాలు 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన ఎనామిల్ రంగుల్లో సీసం ఉండవచ్చు. ప్లానర్ ఆ రంగును పొడిచేసి గాలిలో కలుపుతుంది, ఎల్, ఎం తరగతి ఫిల్టర్లు దానికి చాలవు. అలాంటి తలుపుకు ముందు రంగును రసాయనంతో మెత్తబరిచి తడిగా గీకి తీసి, బయటపడిన చెక్కనే చిత్రిక పట్టాలి. ప్లానరే వాడక తప్పని చోట హెచ్ తరగతి వ్యాక్యూమ్ ఉండాలి, పిల్లలూ గర్భిణులూ ఆ గది ఛాయలకు రాకూడదు, పని అయ్యాక నేలను చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవాలి.